ఎంబీఏ ఎప్పుడు? ఇంటిల్లిపాదీ కూర్చుని వేయవలసిన లెక్క



ఆదివారం దివ్యపూజ ముగిసి, దేవాలయ ప్రాంగణంలో నలుగురు ఒకచోట చేరినప్పుడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లలున్న తల్లిదండ్రులకు తప్పని ప్రశ్న ఒకటుంది. "తరువాత ఏం చదివిస్తున్నారు?" మన ఇళ్లలో చాలామంది ఈ ప్రశ్నకు "ఎంబీఏ" అని బదులు చెబుతారు. బీకాం చదివినా అదే, బీఎస్సీ చదివినా అదే, ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం దొరకకపోయినా అదే. ఎందుకు అని అడిగితే కొందరు చెప్పగలరు. ఇప్పుడే ఎందుకు అని అడిగితే మాత్రం చెప్పగలిగేవారు తక్కువ. ఈ వారం మనం ఆలోచించవలసినది ఆ రెండవ ప్రశ్నను గురించి.

బోరబండ వంటి చోట నివసించే కుటుంబాలకు ఈ విషయం మరీ దగ్గరిది. ఎంఎంటీఎస్ రైలు లింగంపల్లి వైపు వెళ్తూ బోరబండ వదిలితే వచ్చే స్టేషను హైటెక్ సిటీ. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి చుట్టుపక్కల కాలనీల బ్రతుకుతెరువు ఆ అద్దాల మేడలతో ముడిపడిపోయింది. మొదటి తరంవారు అక్కడికి తాపీ పనికి, సెక్యూరిటీ పనికి, హౌస్‌కీపింగ్‌కు, కార్లు నడపడానికి వెళ్లారు. వారి పిల్లలు మెడలో ఐడీ కార్డు వేసుకుని కాల్‌సెంటర్లకు, బిల్లింగుకు, అకౌంట్స్ విభాగాలకు వెళుతున్నారు. తల్లి తుడిచిన అంతస్తులో కూతురు కంప్యూటరు ముందు కూర్చోవడం ఈ ప్రాంతంలో ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

అలా ఉద్యోగంలో చేరిన పిల్లలకు మూడు నాలుగేళ్లు గడిచేసరికి ఎదుగుదల ఆగిపోయినట్లు అనిపిస్తుంది. టీమ్ లీడర్ వరకు వచ్చారు, ఆ పైమెట్టుకు పిలుపు లేదు. కంపెనీ ప్రకటనలో చూస్తే "ఎంబీఏ ఉన్నవారికి ప్రాధాన్యం" అని ఉంటుంది. మరోపక్క, డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న తమ్ముడు స్నేహితులతో కలిసి ఐసెట్ దరఖాస్తు నింపుతూ ఉంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే చదువు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఒకే ఊరు, రెండు పద్ధతులు

మన హైదరాబాదు నగరమే ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెబుతున్నది.

మొదటి జవాబు ఐసెట్. ఇది ప్రభుత్వం తరఫున ఏటా జరిగే ప్రవేశ పరీక్ష. డిగ్రీలో సగం మార్కులు, రిజర్వేషన్ వర్గాలవారికైతే 45 శాతం, ఉంటే చాలు, ఉద్యోగం చేసి ఉండనక్కరలేదు. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు. అందులో 50 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. 2025లో తెలంగాణ ఐసెట్ రాసినవారిలో 90 శాతానికి పైగా అర్హులయ్యారు. ఈ అంకెను తల్లిదండ్రులు కాస్త నిదానంగా చదవాలి. పదిమందిలో తొమ్మండుగురు అర్హులయ్యే పరీక్షలో మన పిల్లవాడు నెగ్గాడంటే సంతోషించవలసిందే. కాని, సీటు దొరికింది గనుక ఈ చదువు ఇతనికి ఇప్పుడే అవసరం అనుకుంటే పొరపాటు. సీటు దొరకడం వేరు, అవసరం ఉండడం వేరు.

రెండవ జవాబు గచ్చిబౌలిలో ఉంది. 2001లో అక్కడ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెరిచినప్పుడు, డిగ్రీ పూర్తికాగానే వచ్చేవారి కోసం కాక, కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చేవారి కోసం ఆ కోర్సును రూపొందించారు. రెండేళ్ల చదువును ఒక్క ఏడాదికి కుదించారు. పని చేసి వచ్చినవారికి మొదటి పాఠాలు మళ్లీ మళ్లీ చెప్పనక్కరలేదు, ఉద్యోగం వదులుకున్న కాలమూ తగ్గుతుంది అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఖర్చు మాత్రం 30 లక్షలకు పైమాటే. మన ఇళ్లలో అందరికీ అందే చదువు కాదని చెప్పనక్కరలేదు. దానిని ఇక్కడ ప్రస్తావించడం అందులో చేరమని చెప్పడానికి కాదు. యజమానులను, మేనేజర్లను తయారుచేస్తామని చెప్పేవారు ముందుగా ఏమి అడుగుతున్నారో గమనించడానికి. వారు అడిగే మొదటి ప్రశ్న "ఇంతవరకు ఏమి పని చేశారు?" అన్నదే.

ఈ చదువు పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1908లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఎంబీఏ తరగతులు మొదలుపెట్టింది. తరువాతి కాలంలో అక్కడ స్థిరపడిన బోధనా పద్ధతి ఉపన్యాసం కాదు. ఒక నిజమైన కంపెనీకి వచ్చిన చిక్కును కథగా రాసి విద్యార్థుల ముందు పెడతారు. మీరే ఆ మేనేజరు స్థానంలో ఉంటే ఏమి చేస్తారు అని అడుగుతారు. మన దేశంలో యేసుసభ గురువులు 1949లో జంషెడ్‌పూర్‌లో నెలకొల్పిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ పేరులోనే కార్మిక సంబంధాలు ఉన్నాయి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో, కార్మికునికీ యాజమాన్యానికీ మధ్య జరిగే వ్యవహారాన్ని చదువుగా మార్చిన సంస్థ అది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ ప్రారంభించింది. అహ్మదాబాదు, కలకత్తా ఐఐఎంలు 1961లో వచ్చాయి, మన విశాఖపట్నం ఐఐఎం 2015లో వచ్చింది.

పని ముందు, చదువు తరువాత అనడానికి కారణం

ఎంబీఏలో చెప్పే విషయాలు వినడానికి కష్టమైనవి కావు. జమాఖర్చుల పట్టికలు చదవడం, సరుకును మార్కెట్‌లోకి తీసుకువెళ్లడం, మనుషులను నియమించి నిలబెట్టుకోవడం, ఉత్పత్తి ఆలస్యం కాకుండా చూడడం, డబ్బు ఎక్కడ నుంచి తెచ్చి ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం. పుస్తకం చదివి పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. చిక్కు ఏమిటంటే, ఏ ప్రశ్నకు ఇది జవాబో తెలియనివారికి ఆ పాఠం మనసుకు పట్టదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉద్యోగులు త్వరత్వరగా మానేసి వెళ్లిపోవడాన్ని గురించి ఒక పాఠం ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి దానికి ఐదు కారణాలు బట్టీపడతాడు. మాధాపూర్‌లో రెండేళ్లు నైట్ షిఫ్టు చేసిన అమ్మాయి ఆ పాఠం వింటున్నప్పుడు ఆమెకు మనుషులు గుర్తుకు వస్తారు. క్యాబ్ రూటు మార్చినందుకు మూడవ నెలలో మానేసిన తోటి ఉద్యోగిని గుర్తుకు వస్తుంది. పండుగకు సెలవు దొరకక గొడవపడి వెళ్లిపోయినవారు గుర్తుకు వస్తారు. రోస్టర్ వేసే పని నెత్తిన పడినప్పుడు తాను ఎవరికి అన్యాయం చేసిందో కూడా గుర్తుకు వస్తుంది. ఆమె తరగతిలో లేచి ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్న అడగగలిగిన రోజే ఆమెకు ఎంబీఏ చేయవలసిన సమయం వచ్చినట్లు.

ఇక్కడ ఒక మాట. అనుభవం అంటే ఏసీ ఆఫీసులో చేసిన ఉద్యోగమే కానక్కరలేదు. నాన్న కిరాణా కొట్టులో సాయంత్రాలు కూర్చుని, ఏ సరుకు వారంలో అమ్ముడుపోతుందో, ఏది మూడు నెలలు అరలో మూలుగుతుందో, అరువు ఎవరికి ఇవ్వవచ్చో తెలిసిన పిల్లవాడు వాణిజ్యశాస్త్రంలో సగం పాఠాలు అప్పటికే నేర్చుకున్నవాడు. దరఖాస్తు ఫారంలో దానిని అనుభవంగా లెక్కించకపోవచ్చు. తరగతిలో మాత్రం అది లెక్కకు వస్తుంది.

ఎన్నేళ్లు పని చేయాలి? రెండేళ్ల లోపు అయితే ఇంకా చెప్పినది చేయడమే తప్ప, సొంతంగా ఒక బాధ్యత మోసి ఉండరు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య తగిన కాలమని నాకు తోస్తుంది. కొన్ని ఐఐఎంలు ఎంపికలో పని అనుభవానికి కొంత విలువ ఇస్తాయి, కాని ఆ విలువ ఏళ్లు పెరిగేకొద్దీ పెరుగుతూనే ఉండదు, ఒక హద్దు తరువాత ఆగిపోతుంది. ఎనిమిది, పదేళ్లు దాటినవారు రెండేళ్లు ఉద్యోగం మాని ఇరవై రెండేళ్లవారి పక్కన కూర్చోవడం సాధారణంగా లాభదాయకం కాదు. వారికి వారాంతపు తరగతులు, సాయంత్రపు తరగతులు, దూరవిద్య మేలు.

బేగంపేట బడి నుంచి ముగ్గురు

అదే రైలు మార్గంలో మరికొంత దూరం వెళితే బేగంపేట వస్తుంది. అక్కడి హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన ముగ్గురి పేర్లు పత్రికలలో తరచుగా కనిపిస్తాయి. ముగ్గురూ ఎంబీఏ లేదా దానికి సమానమైన చదువు చదివారు, కాని ముగ్గురూ ఒకే వేళకు చదవలేదు.

సత్య నాదెళ్ల ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో ఎంఎస్ చేశారు. 1992లో ఆయనకు చికాగో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ సీటు, మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం ఇంచుమించు ఒకేసారి ఎదురువచ్చాయి. ఉద్యోగంలో చేరారు. చదువును వదల్లేదు. వారాంతాల్లో దేశం ఆ కొస నుంచి చికాగోకు విమానంలో వెళ్లి తరగతులకు హాజరై, 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు. శంతను నారాయణ్ మన ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివినవారు. ఆయన ఆపిల్ సంస్థలో పనిచేస్తున్న కాలంలోనే, 1993లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ నుంచి ఎంబీఏ పట్టా పొందారు. 2007లో అడోబీ సంస్థకు సీఈఓ అయ్యారు. మూడవవారు అజయ్ బంగా. ఆయన ఢిల్లీలో డిగ్రీ కాగానే అహ్మదాబాదు ఐఐఎంలో చేరి, 1981లో నెస్లేలో ఉద్యోగం ప్రారంభించారు. 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షులయ్యారు.

ఈ ముగ్గురి ఉదాహరణలను తెచ్చి పిల్లలను దెప్పిపొడవడం మాత్రం చేయకండి. అది కలిగినవారి పిల్లలు చదివే బడి, వారి వెనుక ఉన్న ఆసరా వేరు. ఇందులో మనం గ్రహించవలసినది ఒక్కటే. డిగ్రీ కాగానే చేరినవారు అహ్మదాబాదులో చేరారు. అటువంటి సంస్థ పేరు చూసి కంపెనీలు తలుపు తీస్తాయి, అనుభవం లేని లోటును ఆ పేరు భర్తీ చేస్తుంది. మిగిలిన ఇద్దరూ జీతం ఆగకుండా చదివారు. పేరున్న సంస్థలో సీటు వస్తే వెంటనే చేరడంలో తప్పులేదు. ఊరు చివర, కంపెనీలు రాని కళాశాలలో సీటు వచ్చినప్పుడు మాత్రం ముందు పని, తరువాత చదువు అనుకోవడం క్షేమం. అహ్మదాబాదుకు సరిపోయే న్యాయం అన్ని కళాశాలలకూ సరిపోదు.

అప్పు లెక్క

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క వేసుకుంటాడన్న సువిశేష ఉపమానం మనకు తెలిసినదే. ఈ చదువు విషయంలో ఆ కూర్చోవడం చాలా ఇళ్లలో జరగడం లేదు. ఫీజు ఎంత అని అడుగుతున్నారు, బ్యాంకు అప్పు ఇస్తుందా అని అడుగుతున్నారు, అంతటితో ఆగిపోతున్నారు. ఒక పాత నోటుబుక్కు తీసుకుని, ఇంట్లో అందరి ఎదుట ఈ లెక్క వేయండి.

నెలకు 28,000 రూపాయలు సంపాదిస్తున్న అబ్బాయి ఉద్యోగం మాని రెండేళ్ల ఎంబీఏలో చేరాడనుకుందాం. ఏడాదికి 4 లక్షల చొప్పున 8 లక్షలు విద్యారుణం తీసుకున్నాడు. వడ్డీ 10 శాతం అనుకుందాం. సాధారణంగా చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. దీనిని చాలామంది వడ్డీ లేని కాలం అనుకుంటారు. కాదు. వాయిదా మాత్రమే ఆగుతుంది, వడ్డీ ఆగదు. మొదటి 4 లక్షల మీద మూడేళ్లకు 1,20,000, రెండవ 4 లక్షల మీద రెండేళ్లకు 80,000. మొత్తం 2 లక్షలు. వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 10 లక్షలు. పదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు 13,215 రూపాయలు. పదేళ్లలో కట్టేది 15,85,800. దీనికి తోడు రెండేళ్లు రాకుండా పోయిన జీతం 6,72,000.

ఇప్పుడు ఎదురు లెక్క. చదువు కాగానే 60,000 జీతం వస్తే 13,215 కట్టి, ఇంటికి ఇచ్చి, ఇంకా మిగుల్చుకోగలడు. 35,000 వస్తే? ఉద్యోగం మానకుండా ఉన్నా జీతం ఎంతో కొంత పెరిగి ఉండేది కదా. పాత జీతం మీద పెరిగిన 7,000 వాయిదాలో సగానికి కాస్త పైన మాత్రమే. అంటే ఎంబీఏ చదివి, చదవకముందుకన్నా తక్కువ డబ్బు ఇంటికి తెస్తాడు. ఆ లోటు చెల్లెలి పెళ్లి మీద పడుతుంది, ఇంటి అద్దె మీద పడుతుంది, తాకట్టులో ఉన్న అమ్మ గాజుల మీద పడుతుంది. అందుకే ఈ లెక్క పిల్లవాడు ఒక్కడే వేసుకునేది కాదు, ఇంటిల్లిపాదీ వేయవలసినది.

అదే అబ్బాయి మూడేళ్లు ఆగి, నెలకు 5,000 చొప్పున పక్కన పెడితే 1,80,000 చేతిలో ఉంటాయి, వడ్డీ అదనం. అప్పు ఆ మేరకు తగ్గుతుంది. చదువుకునే కాలంలో నెలనెలా వడ్డీ మాత్రమైనా కట్టగలిగితే అసలు పెరగకుండా ఉంటుంది. ఇంట్లో మరొకరు సంపాదిస్తున్న రోజులు చూసుకుని చేరడంలో ఉన్న తెలివి ఇదే. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి, 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద హామీ లేని రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణం మీద, చదువు కాలంలోను, ఆ తరువాతి విరామంలోను, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉన్నదో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

కళాశాలలవారు గోడలకు అంటించే ప్రకటనలో "అత్యధిక ప్యాకేజీ" అని ఒక అంకె ఉంటుంది. అది ఒక్కరికి వచ్చిన జీతం. మీ లెక్కకు అది పనికిరాదు. తరగతిలో ఉన్నవారిని జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి జీతమెంత, మొత్తంలో ఎందరికి ఉద్యోగం వచ్చింది, వచ్చినది ఏ ఉద్యోగం అని అడగండి. మార్కెటింగ్ మేనేజరు అని చెప్పి ఇంటింటికీ తిరిగి క్రెడిట్ కార్డులు అమ్మించే పని కూడా ఆ జాబితాలో ఉద్యోగంగానే కనబడుతుంది. ఆ పనిలో చిన్నతనం ఏమీ లేదు. దానికి ఎంబీఏ అక్కరలేదు, అంతే.

ఆగకూడని సందర్భాలు

ఇంతవరకు ఆగమని చెప్పాను. ఆగకూడని ఇళ్లు కూడా ఉన్నాయి.

మొదటిది, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడిన కుటుంబాలు. ఐసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో సీటు వస్తే ప్రభుత్వం ఫీజు భరిస్తుంది. కాని దానికి ఆదాయ పరిమితి ఉంది, వయోపరిమితి కూడా ఉంది. మేనేజ్‌మెంటు కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు, దూరవిద్యకు వర్తించదు. ఉద్యోగంలో చేరి ఆదాయం పెరిగితే అర్హత పోవచ్చు. కాబట్టి అప్పు పుట్టని ఇంట్లో, మంచి కళాశాలలో ఉచితంగా సీటు వస్తుంటే, అనుభవం కోసం దానిని వదులుకోమని నేను చెప్పను. ఒక్క జాగ్రత్త. ప్రభుత్వం డబ్బు ఎప్పుడు ఇస్తుందో చెప్పలేము. 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు ఈ బకాయిల కోసమే బంద్ పాటించాయి. బకాయి ఉన్నప్పుడు కళాశాలవారు ముందు మీరే కట్టమని అడగవచ్చు. ఆ సందర్భానికి కొంత డబ్బు చేతిలో ఉంచుకోండి.

మన సంఘస్తులలో చాలామందికి సంబంధించిన మరో విషయం. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం రాష్ట్రంలో బీసీ-సి వర్గంలోకి వస్తారు. ఆ వర్గానికి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. బీసీ-సి ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో దరఖాస్తు చేసి తీసుకోవాలి. కౌన్సెలింగ్ ప్రకటన వచ్చాక పరుగెత్తితే దొరకవు. క్రైస్తవ మైనారిటీ కళాశాలల్లో చేరదలచినవారు తమ విచారణ గురువులను కలిసి జ్ఞానస్నాన పత్రం కూడా ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. వేరే ఊరి విచారణలో జ్ఞానస్నానం పొందినవారికి ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

రెండవది, ఆడపిల్లలున్న ఇళ్లు. "రెండేళ్లు ఉద్యోగం చెయ్యమ్మా, తరువాత చదువుకుందువుగాని" అన్న సలహా అబ్బాయి విషయంలో వాయిదా మాత్రమే. అమ్మాయి విషయంలో అది చాలాసార్లు రద్దు అవుతుంది. మధ్యలో సంబంధం వస్తుంది, పెళ్లి జరుగుతుంది, "అత్తగారింట్లో అడిగి చదువుకో" అంటారు, ఆ తరువాత పిల్లలు. తల్లిదండ్రులారా, మీ అమ్మాయికి నిజంగా ఈ చదువు కావాలని తెలిసినప్పుడు, మీ ఇంట్లో పెళ్లి మాట రెండేళ్లలోపే వస్తుందని మీకే తెలిసినప్పుడు, ఆగమని చెప్పకండి. డిగ్రీ కాగానే చదివించండి. అనుభవం లేని లోటు తరువాత పూడ్చుకోవచ్చు. ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవడం మన ఇళ్లలో ఎంత కష్టమో మీ అక్కలను, వదినలను అడిగితే చెబుతారు.

ఉద్యోగం మానకుండా చదవదలచినవారికి దారులున్నాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో మొదటిది. దాని ప్రాంగణం బోరబండకు దగ్గరగా జూబిలీహిల్స్‌లోనే ఉంది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఎంబీఏ నడుపుతున్నది. పదోన్నతికి పట్టా మాత్రమే అడ్డుగా ఉన్నవారికి ఇవి చాలు, ఖర్చు కూడా స్వల్పం. పూర్తిగా వేరే రంగానికి మారదలచినవారికి ఇవి అంతగా ఉపయోగపడవు, ఎందుకంటే క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ఇక్కడ ఉండవు. ప్రైవేటుగా ఆన్‌లైన్ ఎంబీఏ అని ఫోన్లు చేసేవారి విషయంలో మాత్రం, ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉన్నదీ లేనిదీ చూడకుండా ఒక్క రూపాయి కట్టవద్దు.

ఎందుకు చేరకూడదో కూడా చెప్పుకోవాలి. ఉద్యోగం పోయింది గనుక, పైఅధికారితో పడలేదు గనుక, స్నేహితులందరూ చేరుతున్నారు గనుక, ఇంట్లో ఖాళీగా ఉంటే చుట్టాలు అడుగుతున్నారు గనుక చేరేవారు ఏటా ఉంటారు. రెండేళ్ల తరువాత అదే ఖాళీ, పైన అప్పు.

పరీక్షల విషయం ఒక మాటలో. క్యాట్ ఏటా నవంబరు చివర జరుగుతుంది, ఆ స్కోరు ఆ ఏటి ప్రవేశాలకే చెల్లుతుంది. ఐసెట్ కూడా అంతే. జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఐఎస్‌బీ వంటి సంస్థల మీద ఆశ ఉన్నవారు చదువు వాసన వదలకముందే, డిగ్రీ అయిన ఏడాది రెండేళ్లలోనే ఆ పరీక్ష రాసి ఉంచుకుని, తరువాత నెమ్మదిగా దరఖాస్తు చేసుకోవచ్చు.

చివరగా చేయవలసిన పని ఒకటి మిగిలింది. మీరు చేరదలచిన కళాశాలలో చదివి రెండేళ్లు దాటినవారిని ఇద్దరినైనా వెతికి పట్టుకోండి. మీ విచారణలోనో, పక్క విచారణలోనో ఎవరో ఒకరు తప్పక ఉంటారు. కళాశాలవారు చూపించే విద్యార్థులు కాదు, మీరు వెతికి పట్టుకున్నవారు. వారిని టీకి పిలిచి మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ నేర్చుకున్న ఏ విషయం ఇప్పటి పనిలో వాడుతున్నారు? చేరకముందు మీరు ఏమి పని చేసేవారు, అది తరగతిలో ఉపయోగపడిందా? మూడవది అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా అడగండి: నెల వాయిదా పోగా చేతికి ఎంత మిగులుతోంది?